దున్న దూడలకు నట్టలు కావు, పొడి కొట్టిన గడ్డే తంటా

సందేహం: మాంసం కోసం 12 ముర్రా దున్న దూడల్ని పెంచుతున్నాను. ఒక్కోటి 250 కిలోల దాకా ఉంటుంది. మొక్కజొన్న పిండి, నూకలు, తవుడు కలిపి ఒక్కో దూడకు 4 కిలోల దాణా పొద్దున ఒకేసారి పెడతాను. వరిగడ్డి వృథా అవుతోందని మరలో పొడి కొట్టించి అందులోనే కలుపుతున్నాను. నెల నుంచి ఒకరోజు తింటే మర్నాడు వదిలేస్తున్నాయి, పేడ పలచగా నురగతో పడుతోంది, మూడు దూడలు కుంటుతున్నాయి. మందుల షాపతను చెబితే రెండుసార్లు నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించాను, లివర్ టానిక్ కూడా పోస్తున్నాను. తగ్గలేదు.
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: ఇవి నట్టలు కాదండీ. పొట్టలో పులుపు పెరిగింది, ఎసిడోసిస్ అంటాం, దాని కారణం కూడా మీ ప్రశ్నలోనే ఉంది. పశువు నెమరు వేయాలంటే గడ్డి గరుకుగా ఉండాలి, నెమరు వేస్తేనే లాలాజలం ఊరుతుంది (పెద్ద పశువుకైతే రోజుకు వంద లీటర్ల పైనే), అందులో ఉండే సోడానే ఆ పులుపును విరుస్తుంది. పొడి కొట్టినా గడ్డిలో పీచు శాతం తగ్గదు, ల్యాబ్‌లో చూస్తే అంతే వస్తుంది, కానీ అది నెమరుకు పనికిరాదు, సరిగా అరగకుండానే పొట్టలోంచి జారిపోతుంది. పైగా పిండి, నూకలు ఒకేసారి నాలుగు కిలోలు! కుంటు కూడా దీనివల్లే వచ్చి ఉంటుంది, పులుపు ముదిరితే గిట్టల లోపల వాస్తుంది, అది తగ్గడానికి వారాలు పడుతుంది.

రేపు మేత తిన్న రెండు మూడు గంటలకు వెళ్లి చూడండి. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి, ఒక్కో ముద్దను 50–60 సార్లు నమలాలి. కొంచెం పేడ జల్లెడలో కడగండి, మొక్కజొన్న ముక్కలు మిగిలితే దాణా అరగట్లేదన్నమాట.

గడ్డి పొడి కొట్టడం ఈరోజే ఆపండి. చాఫ్ కట్టర్‌లో అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కోసి తిన్నంత పెట్టండి, ముందు గడ్డి, ఆ తర్వాతే దాణా. దాణాను వారం పాటు 2 కిలోలకు తగ్గించి మూడు పూటలుగా పంచండి, అందులో ఒక్కో దూడకు రోజుకు 30 గ్రాముల వంటసోడా కలపండి, రెండు మూడు వారాలు చాలు. మొక్కజొన్న పిండిలా కాకుండా రవ్వలా ఆడించండి, నూకలు సగానికి తగ్గించండి. పేడ గట్టిపడ్డాక మూడు రోజులకోసారి పావుకిలో చొప్పున పెంచుకుంటూ మూడు, మూడున్నర కిలోల దగ్గర ఆపేయండి. గడ్డి వదిలేస్తున్నాయనేగా పొడి చేయించింది? అలాంటప్పుడు 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా 21 రోజులు కప్పి ఉంచండి. తీశాక కాసేపు ఆరబెట్టి పెట్టండి, మెత్తబడి ఇష్టంగా తింటాయి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు.

ఇక ఆ మందుల షాపతని సంగతి. పేడ చూడకుండా నెలలో రెండుసార్లు నట్టల మందు ఇప్పించడం ఏమిటసలు? అగ్గిపెట్టెడు పేడ పశువైద్యశాలకు తీసుకెళ్తే నట్టలు ఉన్నాయో లేదో అక్కడే తేలిపోయేది. అవసరం లేకుండా పదేపదే తాగిస్తే నట్టలు ఆ మందుకు మొండికేస్తాయి, రేపు నిజంగా కావాల్సినప్పుడు అది పనిచేయదు. లివర్ టానిక్ ఆపేయండి, దాని డబ్బుతో పచ్చిమేత కొనండి, దూడకు రోజుకు 8–10 కిలోలు.

ఏ దూడైనా మేత పూర్తిగా మానేసి, పడుకుని లేవకుండా, పొట్ట కదిపితే నీళ్లు కదిలినట్టు చప్పుడవుతుంటే మాత్రం ఇంటి వైద్యం వద్దు, నోట్లో నూనె పోయొద్దు, వెంటనే డాక్టర్ని పిలవండి.