పాఠకుల ప్రశ్నలు: బీరువాలో మిగిలిపోయిన టింకరింగ్ ల్యాబు

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలకు అటల్ టింకరింగ్ ల్యాబు, అంటే పిల్లలు పరికరాలతో సొంతంగా చేసి చూసి నేర్చుకునే గది, మంజూరై నాలుగేళ్లయింది. ఆర్డినో బోర్డులు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలకలు), సెన్సర్లు, త్రీడీ ప్రింటరు, పనిముట్లు అన్నీ వచ్చాయి. ఏది పాడైనా స్టాకు రిజిస్టరులో సమాధానం రాసుకోవాల్సి వస్తుందన్న భయంతో అవి బీరువాలోనే ఉన్నాయి. పై అధికారులు వచ్చిన రోజున మాత్రం బల్లల మీద పరుస్తున్నాం. సిలబస్ పూర్తి కావడమే గగనమవుతున్న చోట దీన్ని ఎలా నడపమంటారు?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ భయాన్ని తప్పు పట్టలేను. విరిగిన బీకరుకు సంజాయిషీ రాసిన ఉపాధ్యాయుడు ఆ తరువాత బీకరును పిల్లల చేతికి ఇవ్వడానికి వెనకాడడం సహజమే. అయితే ఈ పథకం స్వరూపాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లల కోసం దీన్ని ప్రారంభించినప్పుడు, ఒక్కో బడికి ఇచ్చే 20 లక్షల రూపాయల్లో 10 లక్షలను ల్యాబు ఏర్పాటుకు, మిగతా 10 లక్షలను దాని నిర్వహణకు కేటాయించింది. ఇచ్చిన సొమ్ములో సగం నిర్వహణకే పెట్టారంటే, అక్కడ తీగలు తెగుతాయి, సెల్లులు అయిపోతాయి, కొన్ని బోర్డులు కాలిపోతాయి అని ముందే అనుకున్నట్టే కదా. 2025 కేంద్ర బడ్జెట్‌లో, అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు. వాటితో పాటు మరో 50,000 తాళంకప్పలు కూడా కొనవలసి రాకూడదని నా ఆశ.

ముందుగా మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి రిజిస్టరును రెండుగా విడదీయండి. ప్రింటరు, డ్రిల్లింగ్ యంత్రం, మల్టీమీటర్ల వంటివి ఒక దానిలో ఉండాలి. రాగితీగ, సెల్లులు, ఎల్ఈడీలు, టంకం, చిన్న మోటార్లు వాడితే అయిపోయేవి కనుక వేరే దానిలో రాసి, ఏ తరగతి ఏ రోజున ఎంత వాడిందో ఒక్క వాక్యంలో నమోదు చేయండి. చేతిలో ఆ లెక్క ఉన్న ఉపాధ్యాయుడిని తనిఖీకి వచ్చినవారు నిలదీయడం అరుదు. ఏడాది చివర ఈ రెండో రిజిస్టరు ఖాళీగా కనిపిస్తేనే మీరు కంగారు పడాలి.

రెండో సంగతి, ఆర్డినోతో మొదలుపెట్టకండి. పదో తరగతికి విద్యుదయస్కాంత పాఠం చెప్పే వారంలో, ఆ పాఠానికి మీరు ఎలాగూ కేటాయించే రెండు పీరియడ్లనే ల్యాబులో గడపండి. ఇద్దరికి ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం ఒకటి, ఎనామిల్ పూత ఉన్న రాగితీగ మూడు మూరలు ఇస్తే చాలు. తీగను మందుసీసా మూతకు పది చుట్లు చుట్టి, రెండు కొసలూ ఎదురెదురుగా బయటికి వచ్చేలా ఉంచి, పిన్నీసులను సెల్లు రెండు చివరలా రబ్బరుబ్యాండుతో బిగించి, వాటి కన్నాల్లో ఆ కొసలను దూర్చి, కింద అయస్కాంతం పెట్టమనండి. పూత గీకకుండా పెట్టినవారికి ఏమీ జరగదు. రెండు కొసలనూ బ్లేడుతో చుట్టూ శుభ్రంగా గీకినవారికి చుట్ట ఇటూ అటూ ఊగి ఆగిపోతుంది. చుట్టను నిలువుగా పట్టుకుని, ఒక కొసను చుట్టూ, రెండో కొసను పైభాగం మాత్రమే గీకినవారి చుట్ట గిర్రున తిరుగుతుంది.

ఈ సగం గీకుడులోనే పాఠమంతా ఉంది. సగం తిరిగాక కూడా ప్రవాహం అదే దిశలో సాగితే అయస్కాంత బలం చుట్టను వెనక్కి తిప్పుతుంది. ఆ సగంలో పూత అడ్డుపడి ప్రవాహం ఆగితే, చుట్ట తన వేగంతోనే ముందుకు దాటిపోతుంది. పుస్తకంలో బొమ్మ వేసి చూపే కమ్యుటేటర్ పని కూడా చుట్ట వెనక్కి తిరగకుండా చూడడమే, అది ప్రవాహాన్ని ఆపడానికి బదులు ప్రతి సగం చుట్టుకూ దాని దిశను మారుస్తుంది. కాకపోతే, ముందు ఊగిసలాడే చుట్టను చూసి విసుక్కున్న పిల్లవాడికి ఆ బొమ్మ వేరేగా కనిపిస్తుంది. ఊగుతున్న దశలో మీరు జవాబు చెప్పేయకుండా పది నిమిషాలు ఓపిక పట్టడమే ఇందులో అసలు కష్టం. అన్నట్టు, చుట్ట తిరగకుండా ఆగిపోయినప్పుడు తీగను సెల్లుకు అలాగే వదిలేస్తే రెండూ వేడెక్కుతాయి, వెంటనే విడదీయమని ముందే చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. బడిలో రోబోటిక్స్‌కు ప్రత్యేక రుసుము కట్టించుకుంటున్నారు. అడ్డు వస్తే తనంతట తాను పక్కకు తిరిగే బండి ఒకటి చేసి తెచ్చాడు. ఇది నిజంగా నేర్చుకోవడమేనా, లేక కిట్టు బిగించడమేనా, మాకెలా తెలుస్తుంది?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, కిట్టు బిగించడం చిన్న విషయమేమీ కాదు, కానీ అక్కడితో ఆగితే మీరు కట్టింది బొమ్మ ధరకు మించిన రుసుమే. ఆ బండిని ఒకసారి గోడ వైపు, మరోసారి నిలువుగా ఆరేసిన మందపాటి బొంత వైపు నడిపించి చూడమనండి. అలాంటి బండికి ముందు రెండు కళ్లలా కనిపించేది సాధారణంగా మన చెవికి వినపడని ధ్వనిని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టే సెన్సరు. గోడ ఆ ధ్వనిని వెనక్కి పంపుతుంది. మెత్తని బొంత చాలావరకు పీల్చుకుంటుంది కనుక బండి వెళ్లి దాన్ని గుద్దుకునే అవకాశం ఎక్కువ. ఎందుకలా అయిందో మీ అబ్బాయి తనంతట తాను ఆలోచించడం మొదలుపెట్టినా, లెక్కలో వచ్చిన దూరాన్ని రెండుతో ఎందుకు భాగిస్తారో చెప్పగలిగినా, అతను నేర్చుకుంటున్నట్టే. బండి పాడవుతుంది, ముట్టుకోవద్దని సార్ చెప్పారు అని అతను అంటే మాత్రం ఒకసారి బడికి వెళ్లి మాట్లాడండి.

ప్రశ్న: మా జట్టులో నలుగురు అబ్బాయిలు, ఇద్దరం అమ్మాయిలం. స్క్రూడ్రైవరు, టంకం ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉంటాయి. మేము రికార్డు రాస్తాం, చార్టుకు రంగులు వేస్తాం. సార్‌కు చెప్పాలంటే భయం.
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: తల్లీ, నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ తప్పు నేనే చేశాను. చేతిరాత బాగుంటుందని రికార్డులు అమ్మాయిలకు అప్పగించి, అది మెచ్చుకోలు అనుకున్నాను. మీరు మీ సార్‌తో ఫిర్యాదుగా కాకుండా, ఆరుగురి జట్టును ఇద్దరిద్దరిగా మార్చమని అడిగి చూడండి. ఇద్దరే ఉన్న చోట చేతులు కట్టుకుని నిలబడడానికి ఎవరికీ వీలుండదు. ఈ జవాబు చదివే ఉపాధ్యాయులు వారం వారం రాసేవారినీ, బిగించేవారినీ మార్చి, ఆ వరసను గోడ మీద అంటించాలని నా మనవి. టంకం పని నీ వంతు వచ్చినప్పుడు కిటికీ తెరిచిపెట్టుకో, జడను వెనక్కి కట్టుకో, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో, ఎందుకంటే మామూలు టంకంలో సీసం ఉంటుంది.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ల్యాబు లేదు, నిధులు లేవు. మేమేం చేయగలం?
– ఉపాధ్యాయిని, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: సైకిలు దుకాణంలో దొరికే సన్నని వాల్వు ట్యూబు కొంత, అగ్గిపెట్టెలు రెండు కొనండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో 1972లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమంలో కొంతకాలం పనిచేసిన, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా ఈ రెండింటితోనే పిల్లలకు ఒక కట్టడాల పెట్టె తయారుచేసి ఇచ్చారు. మందు గీకేసిన పుల్లలను ట్యూబు ముక్కలతో కలిపి ముందు చతురస్రం, తరువాత త్రిభుజం చేయించండి. చతురస్రాన్ని వేలితో నొక్కితే పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం కదలదు. ఆ పూటే పిల్లలను బయటికి తీసుకువెళ్లి, దగ్గరలో ఉన్న కరెంటు టవరులో త్రిభుజాలు ఎన్ని ఉన్నాయో దూరం నుంచే లెక్కపెట్టమనండి.