ఫెయిర్‌పోర్ట్, స్టీలై స్పాన్ కలెక్షన్లలో ముందు ఏది కొనాలి?

బ్రిటిష్ ఫోక్ రాక్ (జానపద పాటలకి రాక్ వాయిద్యాలు జోడించే సంగీతం) ఈ మధ్యే వినడం మొదలుపెట్టానని, ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్, స్టీలై స్పాన్, పెంటాంగిల్ అనే బ్యాండ్ల పేర్లతో 'బెస్ట్ ఆఫ్'లు, అంటే ఏరిన పాటల కలెక్షన్లు, బోలెడు కనిపిస్తున్నాయని, ఒక్కోటి కొంటే సరిపోతుందా అని అడిగారు. మూడింటికీ ఒకే జవాబు చెప్పలేను. ఫెయిర్‌పోర్ట్‌కి అసలు కలెక్షన్ జోలికే వెళ్లొద్దు. స్టీలై స్పాన్‌కి వెళ్లండి, కానీ చూసి కొనండి. పెంటాంగిల్‌కి కళ్లు మూసుకుని కొనేయొచ్చు.

నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఈ సీడీలు ఎక్కువగా ఛారిటీ షాపుల్లోనే కొనేవాణ్ణి. పౌండుకో రెండు పౌండ్లకో దొరికేవి. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఏటా ఆగస్టులో టెంటు కట్టుకుని క్రాప్రెడీ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లేవాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బాన్‌బరీ దగ్గర పల్లెటూరు అది. ఫెయిర్‌పోర్ట్ వాళ్లు 1979లో వీడ్కోలు కచేరీ ఇచ్చింది అక్కడే. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి! ఆయన నాకు చెప్పింది ఒక్కటే: ముందు అట్ట మీద బొమ్మ చూడకు, వెనక్కి తిప్పి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదువు. అక్కడ పాట ఏ ఏడాది రికార్డ్ చేశారో, హక్కులు ఏ కంపెనీవో ఉంటుంది. సీడీ విడుదలైన ఏడాది వేరు, పాట పాడిన ఏడాది వేరు.

ఎందుకింత గోల అంటే, ఈ బ్యాండ్లు యాభై ఏళ్లకు పైగా నడిచాయి, మనుషులు మారారు, కంపెనీలు మారాయి. ఫెయిర్‌పోర్ట్ మొదటి ఆల్బమ్ (1968) పాలిడోర్ కంపెనీది. తర్వాత ఐలాండ్, ఆపైన వర్టిగో, చివరికి సొంత లేబుల్. ఒక కంపెనీ 'బెస్ట్ ఆఫ్' వేసిందంటే చాలాసార్లు తన బీరువాలో ఉన్నవాటిలో బెస్ట్ అనే అర్థం. 1972లో ఐలాండ్ వేసిన 'ది హిస్టరీ ఆఫ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్' డబుల్ ఆల్బమ్‌నే చూడండి. అందులో పాలిడోర్ ఆల్బమ్ పాట ఒక్కటీ లేదు. అట్ట మీద పీట్ ఫ్రేమ్ అనే సంగీత జర్నలిస్టు చేత్తో గీసిన బ్యాండ్ వంశవృక్షం మాత్రం అద్భుతం. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరు ఎప్పుడు వెళ్లారో గీతల్లో చూడొచ్చు. అది బయటికొచ్చేసరికి 1967లో మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరూ బ్యాండ్‌లో మిగల్లేదు. వాళ్లలో ఒకడైన గిటారిస్టు సైమన్ నికోల్ తిరిగొచ్చింది 1976లో. ఆల్బమ్స్‌లో లేని 'నౌ బీ థాంక్‌ఫుల్' లాంటి సింగిల్స్ కోసం ఆ రికార్డు ఇప్పటికీ పనికొస్తుంది. మొదటిసారి వినేవాళ్లకి మాత్రం కాదు.

మీరు ముందు వినాల్సింది 1969 నాటి 'లీజ్ అండ్ లీఫ్'. ఎనిమిదే ట్రాకులు. ఆ ఏడాది మే నెలలో ఎం1 మోటార్‌వే మీద వాళ్ల వ్యాన్ ప్రమాదానికి గురై పంతొమ్మిదేళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. గిటారిస్టు రిచర్డ్ థామ్సన్ స్నేహితురాలు కూడా పోయింది. మిగిలినవాళ్లు వేసవిలో హాంప్‌షైర్‌లో ఒక ఇల్లు తీసుకుని, పాత ఇంగ్లిష్ కథాగేయాలను ఎలక్ట్రిక్ గిటార్లతో సాధన చేసి ఈ ఆల్బమ్ తెచ్చారు. అందులో 'మాటీ గ్రోవ్స్' దాదాపు ఎనిమిది నిమిషాలు. జమీందారు భార్య, ఆమె ప్రియుడు, ఆ సంగతి మోసుకెళ్లే నౌకరు, చివర్లో రెండు హత్యలు. గాయని శాండీ డెన్నీ గొంతు పెంచకుండా కథంతా చెప్పేస్తుంది. కథ అయిపోయాక డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు, థామ్సన్ గిటారు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఇదే పాట ఎన్నో కలెక్షన్లలో ఉంటుంది, కానీ కొన్నిట్లో ఏళ్ల తర్వాత లైవ్‌లో నికోల్ పాడింది పెడతారు. అదీ బాగుంటుంది, కానీ శాండీ కోసం కొన్నవాళ్లకి ఉసూరుమంటుంది.

స్టీలై స్పాన్ దగ్గర ఇంకో చిక్కుంది. 2002లో 'ప్రెజెంట్: ది వెరీ బెస్ట్ ఆఫ్ స్టీలై స్పాన్' అని రెండు సీడీలు వచ్చాయి. పేరు చూస్తే పాత హిట్లనే అనుకుంటాం. నిజానికి అభిమానుల ఓట్లతో పాటలు ఎంచుకుని, అన్నీ కొత్తగా రికార్డ్ చేశారు. మనకి ఘంటసాల పాటలని చెప్పి వేరే గొంతుతో క్యాసెట్లు అమ్మేవారే, అలాంటి మోసం కాదు ఇది. పాడింది వాళ్ల గాయని మాడీ ప్రయరే, వాయించింది వాళ్లే. కానీ వయసు తెలుస్తుంది, వాయిద్యాలు కొంచెం బరువుగా ఉంటాయి. పాతవి బాగా విన్నాక వింటే పోల్చుకోవడం సరదాగా ఉంటుంది. ఫెయిర్‌పోర్ట్ కూడా 2012లో 'బై పాపులర్ రిక్వెస్ట్' పేరుతో అదే పని చేసింది. స్ట్రీమింగ్‌లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి, కాబట్టి ఏడాది చూసి నొక్కండి.

నన్నడిగితే 2009లో వచ్చిన 'ఎ పార్సెల్ ఆఫ్ స్టీలై స్పాన్' వెతకండి. మూడు సీడీల్లో 1972 నుంచి 1975 దాకా క్రిసాలిస్ కంపెనీకి చేసిన ఐదు ఆల్బమ్స్ ఉన్నాయి. హిట్లు రెండూ ఇందులోనే: బ్రిటిష్ సింగిల్స్ చార్టులో 1973లో 14వ స్థానానికి చేరిన 'గౌడేటే', 1975లో 5వ స్థానానికి చేరిన 'ఆల్ అరౌండ్ మై హ్యాట్'. 'గౌడేటే'ని మామూలు హిట్స్ సీడీలో వినడం నాకు భలే చిరాకు. లాటిన్ పాట, వాయిద్యాలేవీ లేవు. దూరం నుంచి గాయకులు నడిచొస్తున్నట్టు సన్నగా మొదలై, దగ్గరికొచ్చి, మళ్లీ వెళ్లిపోతున్నట్టు తగ్గిపోతుంది. కారులో ఏమీ వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతాం, వెంటనే ఆ తర్వాతి పాట గిటారు చెవిలో పేలుతుంది. అసలు ఆల్బమ్ 'బిలో ది సాల్ట్' వరసలో దాని చోటు దానికి ఉంటుంది.

పెంటాంగిల్‌తో ఈ టెన్షన్ లేదు. జాకీ మెక్‌షీ, బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్, డానీ థామ్సన్, టెర్రీ కాక్స్, ఈ ఐదుగురే 1967 నుంచి 1973 దాకా మారకుండా ఉన్నారు. 1968 నుంచి 1972 మధ్య రికార్డింగులున్న ఏ కలెక్షన్ అయినా ఒకే బ్యాండ్‌లా వినిపిస్తుంది. ఒక్క 'జాక్ ఓరియన్' మాత్రం పద్దెనిమిది నిమిషాల పైచిలుకు పాట, ఎల్పీకి ఒక పక్క మొత్తం అదే. ఒక్క సీడీ కలెక్షన్లో దానికి చోటివ్వడం కష్టం, దానికోసం 'క్రూయల్ సిస్టర్' విడిగా కొనుక్కోండి.