కొత్తగా ఇంటికొచ్చిన బిడ్డ దగ్గరికి రాకపోతే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీరు దత్తత తీసుకున్న నాలుగేళ్ల బిడ్డ ఇంటికొచ్చి రెండు నెలలైనా, ఎత్తుకుంటే కొయ్యబారిపోతోందనీ, వీధిలో ఎవరు చేయి చాపినా వెళ్లిపోతోందనీ రాశావు. నువ్వంటే ఇష్టం లేక కాదమ్మా. ఇన్నాళ్లూ అది పెరిగిన శిశుగృహలో ఆయాలు డ్యూటీలు మారుతుంటారు. అన్నం పెట్టేది ఒకరు, జ్వరమొస్తే చూసేది ఇంకొకరు. ఎవరు కనబడితే వాళ్ల దగ్గర పని జరుపుకోవడం నేర్చుకుంది గానీ, "ఈమె నా మనిషి" అనుకునే వీలు దానికి దొరకలేదు. అందుకని ముద్దులు, కౌగిలింతలు అడగొద్దు. చెప్పిన వేళకు చెప్పిన పని జరిగేలా మాత్రం చూడు.

ఆరు నెలలపాటు తినిపించడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం నువ్వూ మీ ఆయనా మాత్రమే చెయ్యండి. మీ అత్తగారు ఆడించొచ్చు, కథలు చెప్పొచ్చు. ఆకలన్నా, దెబ్బ తగిలినా మాత్రం "పోయి అమ్మకు చూపించు" అని నీ దగ్గరికే పంపాలి. ఎందుకో ఆమెకు ముందే విడమరిచి చెప్పు, లేకపోతే నొచ్చుకుంటారు. బంధువులను పిలిచి చేసే ఫంక్షన్ వాయిదా వేసుకోండి. ఈ ఏడాది రొట్టెల పండగకి నెల్లూరు తీసుకెళ్లొద్దు. స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో ఎవరి చేయి పట్టుకుని నడిచిపోతుందో చెప్పలేం.

పరుపు కింద దోసె ముక్కలు దాచి, చీమలు పట్టిస్తోందన్నావు. దాన్ని దొంగతనమని అనొద్దు, మందలించొద్దు. మళ్లీ తిండి దొరుకుతుందో లేదోనన్న భయమది. తన చేతికి అందే ఎత్తులో ఒక మూత డబ్బా పెట్టు. రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కెట్లు, ఒక వేరుశనగ చిక్కీ అందులో ఉంచు. రోజూ పొద్దున, రాత్రి తను చూస్తుండగా నింపు. అడగకుండా తీసుకోవచ్చని చెప్పు. అల్లరి చేసిందని ఆ డబ్బా ఒక్కపూట దాచేసినా, పడ్డ శ్రమంతా మొదటికొస్తుంది. భోజనాలూ వేళకే జరగాలి: ఏడున్నర, పదిన్నర, ఒంటిగంట, నాలుగు, ఏడున్నర. వాంతయ్యేదాకా తింటుంటే కంచం లాక్కోకు. కొంచెం కొంచెం వడ్డిస్తూ, గిన్నె చూపించి "ఇంకా ఉంది" అను. ఈ దాచుకోవడం తగ్గడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా.

తాకడం అలవాటు చెయ్యడానికి తలనూనెకు మించింది లేదని నా అభిప్రాయం. నువ్వు వెనక కూర్చుంటావు కాబట్టి తను నీ కళ్లలోకి చూడక్కర్లేదు. "నూనె రాయనా?" అని అడుగు, తల ఊపితేనే మొదలుపెట్టు. గోరువెచ్చటి కొబ్బరినూనె ఒక చెంచా చాలు. ముందు మాడు, తర్వాత చెవుల వెనక, చివర్లో మెడ. భుజాలు బిగుసుకుంటే చేతులు కదపకుండా ఆగు, వదులయ్యాక సాగించు. పది నిమిషాలు మించొద్దు. రోజూ ఒకే వేళకి, ఒకే చాప మీద.

పేచీ పెట్టి వస్తువులు విసిరితే గదిలో పెట్టి తలుపెయ్యొద్దు. ఒంటరిగా వదిలేస్తే తను భయపడుతున్నదే నిజమైనట్టు. పదునైనవి తీసేసి, ఓ బారెడు దూరంలో నేలమీద కూర్చో. "నేనిక్కడే ఉన్నా" అను, అంతకుమించి మాటలొద్దు. ఆ మంటలో ఉపదేశం చెవికెక్కదు. చల్లబడ్డాక మంచినీళ్లిచ్చి, విసిరినవి ఇద్దరూ కలిసి సర్దండి. "మళ్లీ అక్కడికే పంపించేస్తా" అనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా, సరదాకి కూడా రాకూడదు. పక్కింటివాళ్లు అన్నా అక్కడే ఆపించు.

బయటికెళ్లేటప్పుడు కళ్లుగప్పి పోవద్దు. ఏడ్చినా సరే, చెప్పే వెళ్లు. గంటల లెక్క దానికి తెలియదు కాబట్టి "అన్నం తిని పడుకుని లేచేసరికి వస్తా" అని చెప్పి, ఆ వేళకే వచ్చెయ్. నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి దగ్గర ఉంచు.

దత్తత సంగతి ఇప్పటినుంచే మామూలు మాటల్లో చెబుతూ ఉండు, దాచొద్దు.

గట్టిగా పట్టుకుని కదలనివ్వకుండా ఉంటే దారికొస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు. 2000లో అమెరికాలోని కొలరాడోలో ఇలాంటి బలవంతపు చికిత్సలో పదేళ్ల దత్తపుత్రిక ఊపిరాడక చనిపోయింది. ఒళ్లు కొరుక్కోవడం, తల బాదుకోవడం, బరువు పెరగకపోవడం, మాటలు రాకపోవడం కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించు, చెవులూ పరీక్ష చేయించు. దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి దత్తత సంస్థ వాళ్లు మీ ఇంటికొచ్చి చూస్తారు. వాళ్ల ముందు అంతా బాగుందని అనొద్దు, కౌన్సెలింగ్ అడుగు. నీకే మనసు బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్. ఈ బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదేమోనని కొన్నాళ్లు అనిపించడం చాలామంది తల్లులకు ఉండేదే. రోజూ సాయంత్రం గంటన్నర మీ ఆయనకు అప్పజెప్పి నువ్వు పడుకో.

ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఏం తింది, పేచీకి ముందు ఏం జరిగింది రాసిపెట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లు.