ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు.. మరి మెట్లెక్కితే ఆయాసమెందుకు?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. కిరాణా దుకాణం నడుపుతారు. 2021 మేలో కోవిడ్ ముదిరి 24 రోజులు ఐసీయూలో ఉన్నారు. అందులో 13 రోజులు వెంటిలేటర్ మీదే. ఎనిమిది నెలలు గడిచాయి. స్కాన్‌లో కొద్దిపాటి మచ్చలే ఉన్నాయి, భయం లేదన్నారు. ఆక్సిజన్ 97 ఉంటోంది. అయినా పది మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. కుడి పాదం ఈడ్చి నడుస్తున్నారు. దుకాణం లెక్కల్లో తప్పులు చేస్తున్నారు. కుక్కర్ కూతకు కూడా ఉలిక్కిపడుతున్నారు. ఆస్పత్రిలో తనను కట్టేసి చంపబోయారని అంటున్నారు. బంధువులేమో మంచం దిగనివ్వొద్దంటున్నారు. ఆయన మళ్లీ మామూలు మనిషి అవుతారా?
- ఓ సోదరి, తణుకు

సలహా: అమ్మా, ముందు ఆ మంచం మాట పక్కన పెట్టండి. బంధువులు ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ మీవారు కోలుకోకుండా అడ్డుపడుతున్నది ఆ విశ్రాంతే. మీరు రాసినవన్నీ వేర్వేరు జబ్బులు కావు. ఐసీయూలో చాలా రోజులుండి బయటపడినవారిలో ఒంటి బలం, జ్ఞాపకశక్తి, మనసు మూడూ దెబ్బతినొచ్చు. దీన్ని పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటాం.

ఆయాసం అనగానే అందరం ఊపిరితిత్తులనే అనుమానిస్తాం. మీవారి విషయంలో నా అనుమానం కండరాల మీద. ప్రాణాపాయ స్థితిలో కదలకుండా పడుకున్న మనిషికి తొడ కండరం పది రోజుల్లోనే దాదాపు ఆరో వంతు కరిగిపోతుంది. ఊపిరి పీల్చే కండరాలూ నీరసిస్తాయి. కోవిడ్ చికిత్సలో వాడే స్టెరాయిడ్లు దానికి తోడవుతాయి. కోవిడ్‌కు చాలా ముందే కెనడాలోని టొరంటోలో, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఐసీయూ నుంచి బయటపడిన 109 మందిని ఐదేళ్లు పరిశీలించారు. వారి ఊపిరితిత్తుల పరీక్షలు దాదాపు మామూలు స్థితికి వచ్చాయి. ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం మాత్రం, ఉండాల్సిన దానిలో 76 శాతమే.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. కుర్చీని గోడకు ఆనించి, ఆయన వేలికి ఆక్సీమీటర్ పెట్టండి. చేతుల సాయం లేకుండా నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే ఉండండి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే అసలు చేయించొద్దు. ఆక్సిజన్ 3 పాయింట్లు, అంతకంటే ఎక్కువ పడిపోతే ఆపేసి ఛాతీ వైద్యుడిని కలవండి. ఊపిరితిత్తులను, గుండెను మళ్లీ పరీక్షించాలి, రక్తం గడ్డలేమైనా ఉన్నాయేమో చూడాలి. అంకె నిలకడగా ఉంటే, ఆ లేచి కూర్చోవడమే ఆయనకు వ్యాయామం. రోజుకు రెండు పూటలా, మాట్లాడగలిగేంత ఆయాసం వరకే చేయాలి. మర్నాడు ఒళ్లు పూర్తిగా సోలిపోతే సగానికి తగ్గించండి.

తిండి దగ్గర మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. పథ్యమంటూ నెలల తరబడి చారన్నం, ఇడ్లీలతో సరిపెడతారు. కరిగిన కండ దానితో తిరిగి రాదు. కిడ్నీ పరీక్ష బాగుంటే గుడ్లు, చేపలు, గట్టి పప్పు, పెరుగు, వేరుశనగలు ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి.

పాదం ఈడ్చడం నీరసం వల్ల కాకపోవచ్చు. ఎక్కువ రోజులు ఒకే తీరులో పడుకున్నప్పుడు మోకాలి పక్కన నరం నలిగితే పాదం పైకి లేవదు. నరాల వైద్యుడికి ఈ వారమే చూపించండి. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి ఓపిక కావాలి. ఈలోగా పాదానికి పట్టీ, ఫిజియోథెరపీ లేకపోతే చీలమండ బిగుసుకుపోతుంది.

ఇక 'కట్టేసి చంపబోయారు' అన్న మాట. ఆయనతో వాదించకండి, పిచ్చి అనుకోకండి. గొంతులోని గొట్టం లాగేసుకోకుండా చాలాచోట్ల రోగి చేతులను మంచానికి మెత్తటి పట్టీలతో కడతారు. మత్తు, జ్వరం, ఆక్సిజన్ లోటు, నిద్ర లేకపోవడం, చుట్టూ ముఖం కనిపించని పీపీఈ కిట్లు, దగ్గర ఒక్క ఇంటి మనిషైనా లేకపోవడం.. ఇన్నింటి మధ్య మెదడు ఆ కట్టును హత్యాప్రయత్నంగా అల్లుకుంది. కుక్కర్ కూత ఆ యంత్రాల అలారాన్ని గుర్తుకు తెస్తూ ఉండొచ్చు. డిశ్చార్జి కాగితాలు ముందు పెట్టుకుని, ఒక నోట్‌బుక్‌లో తేదీల వారీగా రాయండి: ఏ రోజు గొట్టం వేశారు, ఎప్పుడు తీశారు, మీరు ఏ రోజు వీడియోకాల్‌లో చూశారు. ఇద్దరూ కలిసి చదవండి. చెదిరిన జ్ఞాపకాలకు ఒక వరుస దొరికితే కొందరికి భయం సడలుతుంది. పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే మానసిక వైద్యుడి సాయం తీసుకోండి, మందులు, కౌన్సెలింగ్ బాగా పనిచేస్తాయి. దుకాణానికి రోజూ ఓ గంట పంపండి. లెక్క మాత్రం కొన్నాళ్లు రెండో మనిషి సరిచూడాలి.

గజ్జల్లో నొప్పి వస్తే మాలిష్ చేయించకండి. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తం అందకపోవచ్చు, ఎమ్మారై తీయాలి. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో ఈల శబ్దం వస్తే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి, గొట్టం పెట్టినచోట శ్వాసనాళం ఇరుకైపోవచ్చు. షుగర్ కూడా చూపించండి.

మామూలు మనిషి అవుతారా అని అడిగారు. మునుపటి బలం నూరు శాతం వస్తుందని మాట ఇవ్వలేను. మొదటి ఏడాది ఎక్కువగా, ఆ తర్వాత మెల్లగా మెరుగుపడతారు. దుకాణం తిరిగి నడుపుకోగలరన్న ఆశ నాకుంది. మీ నిద్ర ఎలా ఉందో మాత్రం మీరు రాయలేదు. ఇన్ని నెలలుగా ఒక్కరే మోస్తున్నారు, మీ బీపీ కూడా చూపించుకోండి. ఆరు వారాల తర్వాత కుర్చీ పరీక్ష అంకెలు, పాదానికి చేసిన పరీక్ష వివరాలు రాసి పంపండి.