పునాదిలో దొరికిన హద్దు రాయి ఎవరిది?

సందేహం: చెన్నై జార్జ్ టౌన్‌లో మా తాతగారి నాటి ఇంటికి ప్రహరీ గోడ తిరిగి కట్టిస్తుండగా, ఆంగ్ల అక్షరాలూ అరిగిపోయిన సంవత్సరమూ చెక్కిన రాయి బయటపడింది. అది పాత హద్దు కనుక దాని ఇవతలి రెండడుగులు తమవేనని పొరుగువారు అంటున్నారు. మేస్త్రీ పగలగొడదామంటున్నాడు. ప్రభుత్వానికి చెబితే ఇల్లే పోతుందేమో!

జవాబు: ముందు మేస్త్రీని ఆపండి. ప్రభుత్వాధికారంతో నాటిన హద్దు గుర్తును తెలిసి ధ్వంసం చేసినా, కదిలించినా భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

పొరుగువారి వాదన ఆ రాయి ఒక్కదాని మీద నిలబడదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇటువంటి రాళ్లను ఇంటికీ ఇంటికీ మధ్య గట్టుగానే కాక, సెయింట్ జార్జ్ కోటకూ పట్టణానికీ ఎల్లలుగా కూడా నాటారు. ప్యారిస్ కార్నర్‌లోని డేర్ హౌస్ వద్ద 1773 జనవరి 1వ తేదీతో ఉన్న స్తంభాన్ని మీరు చూసే ఉంటారు. ఫ్రెంచివారి దాడుల తరువాత కోట ముందు ఖాళీ మైదానం ఉండాలని కోట పక్కన స్థానికులు నివసించిన పాత బ్లాక్ టౌన్‌ను పడగొట్టించి, ఇక్కడి నుంచి కోట వైపు ఇళ్లు కట్టరాదని నాటిన ఆరు స్తంభాలలో మిగిలింది అదొక్కటే. మా మద్రాసు హైకోర్టు నిలిచింది ఆ ఖాళీ చేయించిన నేల మీదే కనుక, ఆ స్తంభాన్ని దాటి వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

మీ హక్కును తేల్చేవి దస్తావేజులోని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం), టౌన్ సర్వే రికార్డు, ఇన్నేళ్ల మీ స్వాధీనం. అయితే చెక్కుబందీలో ఆ రాయినే హద్దుగా రాసి ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే విలువనిస్తాయి.

ఇల్లు పోతుందన్న భయం అక్కరలేదు. చుట్టూ వంద మీటర్ల నిర్మాణ నిషేధం జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తుంది. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం అలా ప్రకటించడానికి ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ గడువులో మీరు అభ్యంతరం చెప్పవచ్చు. నోటీసు వచ్చినంత మాత్రాన యాజమాన్యం మారదు.

రాయి ఉన్నచోటే టేపు పెట్టి ఫొటోలు తీయించి, రాష్ట్ర పురావస్తు శాఖకు లేఖ రాసి, రసీదు దాచుకోండి. పొరుగువారు కోర్టుకు వెళ్లే సూచనలుంటే ముందుగానే కేవియట్ (మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోర్టుకు చేసే వినతి) దాఖలు చేయండి, అది 90 రోజులు అమలులో ఉంటుంది. అక్షరాలు చదవాలనిపిస్తే ఇనుప బ్రష్‌తో రుద్దకండి. కాగితం పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే సంవత్సరం దానంతట అదే తేలుతుంది.