‘పాట పొడుగైంది’ అన్నవాళ్ళ మాట ఎలా వినాలి

తమ్ముడూ,

నువ్వు పంపిన చిట్టా మొత్తం చదివాను. నీ కొత్త పాటల నాటకం ప్రివ్యూలకి, అంటే అసలు ఓపెనింగ్‌కి ముందు జనం ముందు ఆడి చూసుకున్న ఆ రెండు ఆటలకి, వచ్చినవాళ్ళలో ఎవరెవరు ఏమన్నారో ఒక్కటీ వదలకుండా రాసుకున్నావు, మంచిపనే. కానీ చివర్లో "అన్నా, వీళ్ళందరూ చెప్పినట్టు మారిస్తే ఇందులో నాదంటూ ఏమీ మిగలదు, మార్చకపోతే చూసేవాళ్ళుండరు, ఏం చెయ్యమంటావు" అని అడిగావు చూడు, ముందు ఆ టెన్షన్‌లోంచి బయటికి రా. ఆ చిట్టాలో రెండు రకాల మాటలున్నాయి. "అమ్మ పాట దగ్గర విసుగొచ్చింది" అనేది ఒక రకం, "అమ్మ పాట తీసెయ్యండి" అనేది ఇంకో రకం. మొదటిది నూటికి నూరుపాళ్ళు నిజం, విసుగొచ్చింది వాళ్ళకి కాబట్టి దాని మీద మనం వాదించడానికి ఏమీ లేదు. రెండోది వాళ్ళ పని కాదు, నీ పని. టికెట్ కొనుక్కుని వచ్చి మూడు గంటలు కూర్చున్న మనిషి తనకి ఎక్కడ ఇబ్బంది అయిందో చెప్పగలడు, దానికి కారణం ఎక్కడుందో వెతికే అవసరం అతనికి లేదు. ఆ కారణం చాలాసార్లు అతను వేలు పెట్టి చూపించిన చోట ఉండదు, ఇంకా చాలా ముందు ఎక్కడో ఉంటుంది.

నువ్వు న్యూయార్క్‌కి రైల్లో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్నావు కాబట్టి అక్కడి పెద్ద థియేటర్ల సంగతే, అంటే బ్రాడ్‌వే సంగతే చెప్తాను. 1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’ అనే కొత్త మ్యూజికల్‌ని, అంటే పాటల నాటకాన్ని, న్యూయార్క్ తీసుకురాకముందు వాషింగ్టన్‌లో ఆడి చూసుకున్నారు. రోమన్ల కాలం నాటి కథ, జనం పగలబడి నవ్వాలనే రాసిన నాటకం. తీరా చూస్తే జనం నవ్వట్లేదు. ఏ సీన్‌కి నవ్వు రాలేదో ఆ సీన్‌ని పట్టుకుని దిద్దితే ఏళ్ళు పట్టేది. చూసి చెప్పమని పేరున్న దర్శకుడు జెరోమ్ రాబిన్స్‌ని పిలిపించారు. ఆయన సీన్లని వదిలేసి మొదటి పాట మార్చమన్నాడు. అప్పటిదాకా తెర లేవగానే ప్రేమ గురించి ఒక మెత్తటి, ముద్దొచ్చే పాట ఉండేది. పాట బాగానే ఉంది, అయితే అది విన్నవాళ్ళు ఏదో సున్నితమైన కథ చూడబోతున్నామని సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఆ తర్వాత స్టేజి మీద బానిసలూ ముసలాళ్ళూ తలుపులు బాదుకుంటూ పరిగెడుతుంటే దానికి ఏం అనుకోవాలో వాళ్ళకి తెలిసేది కాదు. ఈ రాత్రి మీరు నవ్వడానికొచ్చారు అని మొదట్లోనే చెప్పేసే కొత్త పాట ఆ నాటకం పాటల రచయిత స్టీఫెన్ సాండ్‌హైమ్ రాశాడు. దాంతో అంతకుముందు చచ్చుగా పోయిన సీన్లకే నవ్వులొచ్చాయి. న్యూయార్క్‌లో ఆల్విన్ థియేటర్‌లో మే 8న మొదలై 964 ఆటలు ఆడింది. మొదటి పాటకీ మధ్యలో రాని నవ్వుకీ సంబంధమేంటి, మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది అనిపిస్తుంది గానీ, జనం మనసు అలాగే నడుస్తుంది.

ఇప్పుడు నీ అమ్మ పాటకి రా. స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామని కొడుకులిద్దరూ వీడియో కాల్‌లో తేల్చేశాక, ఆవిడ ఒక్కతే వంటింట్లో కూర్చుని పాడే పాట. ఆ పాట నీ నాటకానికి గుండెకాయ, నా మాట విని దాన్ని కొయ్యకు. చూసినవాళ్ళకి అది పొడుగ్గా అనిపించిందంటే కారణం మొదటి భాగంలో ఉంది. అక్కడ ఆవిడ ఏం చేస్తోంది? కోడలి వంటకి వంకలు పెడుతోంది, ఫోన్‌లో గట్టిగా అరుస్తోంది, పాలవాడితో లెక్క తేలక గొడవ పడుతోంది. హాలంతా ఆవిడని చూసి నవ్వడం అలవాటు చేసుకుంది. ఆ ఇంటితో ఆవిడకి ఏం ముడి ఉందో ఒక్క మాటా మనకి తెలీదు, అక్కడ అందరికీ పాట ఉంది, ఆవిడకి తప్ప. మరి గంటన్నర తర్వాత ఉన్నట్టుండి ఏడవమంటే ఎలా ఏడుస్తారు? పాటలో మొదటి రెండు చరణాలు జనం ఆవిడని కొత్తగా పరిచయం చేసుకోవడానికే పోతున్నాయి, అందుకే దగ్గులు.

జనం చెప్పినదానికి పైపూత మందు రాసిన సంగతి కూడా ఒకటి తెలుసుకో. అదే ఆల్విన్ థియేటర్‌లో 1981లో సాండ్‌హైమ్‌దే ‘మెరిలీ వి రోల్ ఎలాంగ్’ ప్రివ్యూలు ఆడింది. ముగ్గురు స్నేహితుల కథ, వెనక నుంచి ముందుకి నడుస్తుంది, అంటే నడివయసులో తెగిపోయిన స్నేహంతో మొదలై వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్న రోజులతో ముగుస్తుంది, పైగా అందరూ చిన్నవయసు నటులే. జనానికి ఎవరు ఎవరో అర్థం కాలేదు, మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు ఏం చేశారంటే, కుట్టించిన కాస్ట్యూములు పక్కన పెట్టి, ఎవరు ఎవరో రాసి ఉన్న స్వెట్‌షర్టులు నటులకి తొడిగించారు. ఎవరు ఎవరో తెలీట్లేదు అన్నారు కాబట్టి చొక్కా మీద రాసేశారు! ఫిర్యాదుకి అక్షరాలా జవాబిచ్చారు. అయినా ఓపెనింగ్ తర్వాత 16 ఆటలకే మూతపడింది. వాళ్ళకి తెలియంది పేర్లొక్కటే కాదని నా అభిప్రాయం, ఈ మనుషుల గురించి మనమెందుకు పట్టించుకోవాలి అనేది తెలియలేదు, దానికి స్వెట్‌షర్టు ఏం చేస్తుంది? ఆ తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి తిరగరాసుకుంటూ వచ్చారు. అదే నాటకం మళ్ళీ బ్రాడ్‌వేకి వచ్చి 2024లో ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ తీసుకుంది, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద అవార్డు అది.

చప్పట్ల గురించి అడిగావు. రెండో పాటకి చప్పట్లు పడలేదని నీ సంగీత దర్శకుడు బెంగ పెట్టుకున్నాడన్నావు కదా. పాట చివర ఏం జరుగుతోందో వీడియోలో చూశాను. రాగం అలా అలా తగ్గుతూ పోతుంది, లైటు మారదు, అమ్మాయి పాడుతూ పాడుతూనే నడిచి వెళ్ళి తలుపు తీస్తుంది. చప్పట్లు కొట్టొచ్చో లేదో జనానికి ఎవరూ చెప్పలేదు. బ్రాడ్‌వే వాళ్ళు పాట చివర గట్టిగా పడే ఆ ఒక్క దెబ్బని బటన్ అంటారు, అది పడితే చేతులు వాటంతటవే లేస్తాయి. అయితే అది ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు అనేది పెద్ద నిర్ణయం. 1959లో ‘జిప్సీ’ని ఫిలడెల్ఫియాలో ఆడి చూసుకుంటున్నప్పుడు, ఆఖర్లో తల్లి పాత్ర ఒంటరిగా తన జీవితమంతా కక్కేసుకునే పాట ఉంటుంది, అది అక్కడితో విరిగిపోవాలి, ఆ మనిషి కుప్పకూలుతుంటే చప్పట్లేంటి అని అందులో పాటలకి మాటలు రాసిన కుర్రవాడు సాండ్‌హైమ్ దాన్ని బటన్ లేకుండా వదిలాడు. చూడ్డానికి వచ్చిన ఆస్కర్ హామర్‌స్టీన్, పేరున్న పాటల రచయిత, అతనికి గురువులాంటివాడు, ఒకటే చెప్పాడు. పాడింది ఎథెల్ మెర్మన్, జనం ఆవిడకి చప్పట్లు కొట్టాలని ఉబలాటపడుతున్నారు, నువ్వు కొట్టనివ్వకపోతే ఆ తర్వాత తల్లీకూతుళ్ళ సీన్ ఎవరూ వినరు అని. సాండ్‌హైమ్ ముగింపు మార్చాడు. తర్వాత 1970ల్లో ఏంజెలా లాన్స్‌బరీ ఆ పాత్ర వేసినప్పుడు, చప్పట్లు ఆగిపోయినా ఆవిడ ఇంకా వంగి దణ్ణాలు పెడుతూనే ఉండేది. అంతవరకూ కొట్టినవాళ్ళకి, ఆ చప్పట్లు ఆవిడ తలలో మోగుతున్నవే అని అప్పుడు తెలిసేది. చప్పట్లూ దక్కాయి, కుప్పకూలడమూ దక్కింది. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

మన పద్యనాటకాల్లో ఈ సమస్యే లేదు. రాయబారం సీన్‌లో కృష్ణుడు ‘జెండాపై కపిరాజు’ ఎత్తుకుని రాగం తీసి ముగించగానే వన్స్‌మోర్ అని కేకలు పడతాయి, నటుడు మళ్ళీ పాడతాడు, కురుసభ అలా ఆగిపోయి ఉంటుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. కథ అందరికీ తెలుసు, పద్యం సగం మందికి నోటికొచ్చు. నీ నాటకానికి ఆ వెసులుబాటు లేదు తమ్ముడూ. సినిమా నుంచి తీసుకున్న కథ కాదు, పురాణం కాదు, పాటల్లో ఒక్కటీ ఎవరూ ముందు విన్నది కాదు. కొత్త మనుషుల్ని గుర్తుపెట్టుకుంటూ, కొత్త ట్యూన్ వింటూ, అందులో మాటలు పట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు మొదటి ఇరవై నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్నారంటే నచ్చలేదని కాదు, పని చేస్తున్నారని. ఆ నిశ్శబ్దాన్నీ విసుగునీ ఒకటే అనుకోవద్దు. విసుగొచ్చిన హాలు నిశ్శబ్దంగా ఉండదు, కుర్చీలు కిర్రుమంటాయి, కాగితాలు చప్పుడవుతాయి.

కుర్చీలు సగమే నిండాయని దిగులుపడ్డావు కదా, దానికీ ఇదే కారణం. 2024 అక్టోబరులో ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ ప్రివ్యూలు మొదలైనప్పుడు టికెట్లు సరిగా తెగలేదు. సియోల్‌లో పాతబడి పక్కన పెట్టేసిన రెండు రోబోల కథ, కొరియాలో 2016 నుంచీ పేరున్నదే అయినా న్యూయార్క్‌లో చాలామందికి తెలియనిది. చూసినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పుకుంటూ పోయారు, మరుసటి ఏడు జూన్‌కి ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి ఆరు టోనీలు.

స్నేహితుల నవ్వుల్ని మాత్రం అస్సలు లెక్కలో వేసుకోకు. ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ తయారవుతున్నప్పుడు, డబ్బు పెట్టేవాళ్ళ ముందు పాడి వినిపిస్తే ‘వెన్ మెసయ్యా కమ్స్’ అనే హాస్యం పాటకి అందరూ విరగబడి నవ్వారు. 1964 వేసవిలో డెట్రాయిట్‌లో స్టేజి మీదకి వచ్చేసరికి ఆ పాటకి నవ్వు లేదు. ఊరు ఖాళీ చేసి వెళ్ళిపొమ్మన్నాక వస్తుంది ఆ పాట, అప్పటికి జనం గుండె బరువెక్కి ఉంది, జోకు ఎవరికి కావాలి? తీసేశారు. అదే డెట్రాయిట్‌లో ఉండగానే పాతికేళ్ళు కాపురం చేసిన మొగుడు పెళ్ళాన్ని నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగే పాట రాసి చేర్చారు. ఒక్క ఊళ్ళో బాగున్న పాట పోవడమూ లేని పాట రావడమూ రెండూ జరిగాయి, రెండూ హాల్లో కూర్చుని చూస్తేనే తెలిశాయి.

కాబట్టి ఈ శనివారం ఆటలో స్టేజి వైపు చూడకు. నీ నాటకం నీకు తెలుసు. పక్క గోడకి ఆనుకుని నిలబడు, స్టేజి వెలుతురు పడి మొహాలు కనిపిస్తాయి. దగ్గు ఎక్కడొచ్చింది, ఫోను వెలుగు ఎక్కడ కనిపించింది, ఎక్కడ మనుషులు ముందుకి వంగారు, ఎక్కడ పక్కవాళ్ళ చెవిలో "ఈవిడెవరు" అని అడిగారు, స్క్రిప్టు మార్జిన్‌లో ఆ లైను దగ్గరే గీత పెట్టుకో. చివర్లో లేచి నిలబడి కొట్టే చప్పట్లు రాసుకోకు, అమెరికాలో అది మర్యాద అయిపోయింది. ఆట అయ్యాక "ఎలా ఉంది" అని ఎవర్నీ అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు, లేదా నీకు సాయం చేస్తున్నామనుకుని ఒక సలహా పుట్టించి ఇస్తారు. "పెద్దకొడుకు ఇల్లు ఎందుకు అమ్ముదామన్నాడు" అని అడుగు. జవాబు తప్పు చెప్పారంటే ఏ సీన్ అందలేదో నీకు తెలిసిపోతుంది.

బ్రాడ్‌వేలో ప్రివ్యూల రోజుల్లో మధ్యాహ్నం కొత్త సీన్ రిహార్సల్ చేసి రాత్రికి ఆడేస్తారు, విమర్శకులు వచ్చే ముందు ఇక చాలని ఫ్రీజ్ చేసేస్తారు. మీవాళ్ళు పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం వేషం వేస్తున్నారు, వాళ్ళ మీద అంత బరువు పెట్టకు. ఒక ఆటకి ఒక్క మార్పు చాలు, నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. ఒక్క ఆట చూసి తీర్పు ఇవ్వకు కూడా, శుక్రవారం ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన హాలు వేరు, ఆదివారం పిల్లలతో వచ్చిన హాలు వేరు. ఇంకోటి, ఆ చిట్టా నటుల కంట పడనివ్వకు. అమ్మ వేషం వేసినావిడకి తన పాట తీసెయ్యమన్నారని తెలిస్తే శనివారం ఆవిడ ఆ పాటని భయపడుతూ పాడుతుంది, నువ్వు హాల్లో చూసేది పాటని కాదు, ఆ భయాన్ని.

శనివారానికి అమ్మ పాట ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు. మొదటి భాగంలో పాలవాడి గొడవ అయ్యాక, ఆవిడ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్తూ గోడ మీద పిల్లల ఎత్తులు కొలిచిన గీతలు చూసే చోట నాలుగు లైన్లు పాడించు, అమ్మ పాట ట్యూన్‌లోనే, చప్పట్లకి చోటివ్వకుండా వెంటనే ఫోను మోగించు. ఆ నాలుగు లైన్లు రాత్రికి రాసి, నువ్వే ఫోన్‌లో పాడి నాకు పంపు, గొంతు బాగోకపోయినా ఫర్వాలేదు.

ఉంటాను,
అన్న