రూ.85 వేల కెమెరా, నెలకు మిగిలేది ఏడు వేలు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు రూ.46,000 చేతికి వస్తుంది. ఇంటి ఖర్చులు రూ.34,000, అయిదో తరగతి చదువుతున్న పాప చదువు కోసం సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) రూ.5,000. పొదుపు ఖాతాలో రూ.60,000 ఉంది. రెండేళ్లుగా ఉదయపు నడకలో ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాను. ఇప్పుడు రూ.85,000 విలువైన కెమెరాను క్రెడిట్ కార్డుపై 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో కొనాలని ఉంది. అవసరమైతే ఏడాది పాటు సిప్ ఆపుతాను. కొనవచ్చా?

జవాబు: కెమెరా కొనడంలో తప్పేమీ లేదు. రెండేళ్లపాటు విడవకుండా సాగిన అభిరుచిని నేను దుబారా కింద జమ కట్టను. అయితే మీరు ఎంచుకున్న దారి మాత్రం ఇరుకైనది. వాయిదా నెలకు రూ.7,083 అవుతుంది; మీకు మిగిలేది రూ.7,000. అంటే మొదటి నెల నుంచే లోటు.

నో కాస్ట్ అన్న పేరును కూడా కాస్త విప్పి చూడాలి. బ్యాంకు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో ముందే తగ్గిస్తారు గనుక అది మనకు కనిపించదు. ఏడాదికి 15 శాతం లెక్కన ఆ వడ్డీ సుమారు రూ.6,500 ఉంటుంది. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.1,170, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, చాలా కార్డులపై నెలకు మూడున్నర శాతం, కొన్నిటిపై అంతకు మించి కూడా వడ్డీ పడుతుంది.

సిప్ జోలికి వెళ్లవద్దు. ఏడాదికి 10 శాతం వృద్ధి ఉంటుందని అనుకుంటే, ఇప్పుడు ఆపిన రూ.60,000 పాప ఇంటర్ ముగించే నాటికి సుమారు లక్షా పది వేల రూపాయల లోటుగా తేలుతుంది.

ఇంతకీ కెమెరా ధరతో ఖర్చు ముగిసిపోదు. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, సంచి, హార్డ్ డిస్క్ కలిపి మరో పది పన్నెండు వేలు అవుతాయి. రా ఫైలు (కెమెరా పెద్దగా కుదించకుండా దాచే ఫొటో) ఒక్కొక్కటి పాతిక ఎంబీ ఉంటుందనుకుంటే, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఆరు వందల ఫొటోలకే నిండిపోతుంది. సముద్రపు గాలి సంగతి వేరే చెప్పాలి. నా పాత లెన్సును ఒక వానాకాలమంతా బీరువాలో ఉంచి, తర్వాత వెలుగుకు ఎత్తి చూస్తే, అద్దం లోపల సాలెగూడు దారాల్లాంటి తెల్లని బూజు కనిపించింది. బాగుచేయించడానికి అడిగిన మొత్తం విన్నాక దాన్ని మళ్లీ బీరువాలోనే పెట్టేశాను. గాలి చొరని డబ్బా, తేమను పీల్చుకునే సిలికా జెల్ సంచులు నాలుగు కొని ఉంటే సరిపోయేది.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి ఆరు నెలలు మిగులు రూ.7,000 మొత్తాన్నీ పొదుపు ఖాతాలోనే ఉంచితే, అత్యవసర నిధి రూ.1,02,000కు, అంటే మూడు నెలల ఇంటి ఖర్చుకు చేరుతుంది. తర్వాత ఎనిమిది నెలలు అదే మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, వడ్డీ కాక రూ.56,000 చేతిలో ఉంటుంది. ఆ డబ్బుకు వాడిన కెమెరా, ఒక మంచి లెన్సు వెతుక్కోండి. కొనే ముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో (అంటే దాంతో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో), అసలు బిల్లు ఉందో లేదో చూడండి. కొత్తదే కావాలంటే మరో నాలుగైదు నెలలు ఆగాల్సి వస్తుంది.

ఈలోగా ఒక శని, ఆదివారాలు అలాంటి కెమెరానే అద్దెకు తెచ్చుకుని భీమిలి తీరంలో తిరిగి రండి. రోజుకు వెయ్యి, పదిహేను వందలు పోతే పోనీయండి. బరువుగా ఉందని దాన్ని సంచిలోనే ఉంచి, ఫొటోలు మళ్లీ ఫోన్‌తోనే తీశారనుకోండి, ఆ రికరింగ్ డిపాజిట్‌ను మరో ఏడాది కొనసాగించండి.